రాత మారదు, చదువరి మారతాడు

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు నగరం ఉన్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడి కర్మాగారం రూపు దిద్దుకొన్నది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నిర్మాణ కాలంలో కూలీల నివాసానికై వెలసిన శిబిరాలకు క్యాంప్ 1, క్యాంప్ 2 అనే పేర్లు ఏర్పడినవి. నిర్మాణం ముగిసిన తరువాత కూడా ఆ శిబిరాలు తొలగిపోక, అవే పేర్లతో జనసమ్మర్దమైన పేటలుగా స్థిరపడినవి. పని వెదుక్కొంటూ దేశపు నలుమూలల నుంచి ఇక్కడికి చేరిన వారిలో తెలుగువారు, ముఖ్యంగా నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల వారు అనేకులు. 1931లో పూర్తి అయిన విజయనగరం - రాయపూరు రైలుమార్గం వారి రాకకు తోడ్పడినది.

ఇటువంటి పేటలో భాషను గూర్చిన ఒక పెద్ద ప్రశ్న ఇంటి ముంగిటనే ఎదురవుతుంది. క్యాంప్ 2లోని ఒక సాధారణ తెలుగు కుటుంబాన్ని ఊహించుకొనవచ్చు. తాత తెలుగు చదివి వ్రాసినవాడు. కొడుకు తెలుగు చక్కగా మాట్లాడతాడు. అచ్చు పుస్తకాన్ని కూడబలుక్కొని చదువుతాడు. మనుమరాలు ఇంట తెలుగే మాట్లాడుతుంది. కాని బడిలో ఆమె నేర్చిన లిపి దేవనాగరి. ఇంట్లోని రేకు పెట్టెలో స్వగ్రామం నుంచి వచ్చిన పాత ఉత్తరాలు కొన్ని, పొలానికి సంబంధించిన దస్తావేజు ఒకటి ఉన్నవనుకొందాం. ఆ కాగితాల వయస్సు అరవై, డెబ్బై సంవత్సరాలకు మించదు. అయినను ఆ బాలికకు అవి వేయేండ్ల నాటి శిలాశాసనం వలె మూగగా కనిపిస్తాయి. ఎవరైనా పైకి చదివి వినిపిస్తే సగం వెంటనే అర్థమవుతుంది. మిగిలిన సగం విన్నా అర్థం కాదు.

ఈ రెండు సగాలకు కారణాలు వేరు. వాటిని విడదీసి చూడగలిగితే, కొన్ని భాషలూ ప్రాచీన గ్రంథాలూ ఎందుకు దురవగాహమవుతాయో చాలా వరకు తెలిసిపోతుంది.

ప్రాచీన గ్రంథం కఠినం అనడం పరిపాటి. ఆ మాటలో కాఠిన్యం గ్రంథానికే సహజమైన గుణమన్న భావం ఉన్నది. పాండిత్య ప్రదర్శనకై వ్రాసినవి కొన్ని లేకపోలేదు. కాని దానపత్రం, రాజాజ్ఞ, ఉత్తరం, కథ, వైద్యగ్రంథం మొదలైనవన్నీ ఎవరో ఒకరికి అర్థం కావాలని వ్రాసినవే. వ్రాసిననాడు అవి అర్థమైనవి కూడా. తరువాత రాత మారలేదు, చదువరి మారాడు. ఇద్దరి మధ్య దూరం పెరిగినది. ఆ దూరం ఒకే తీరుది కాదు.

లిపి వేరు, భాష వేరు

మొదటి దూరం లిపి వలన కలిగేది. భాష తెలిసినా, అక్షరాలు తెలియనప్పుడు రాత మూగబోతుంది. మన దేశ చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉన్నది. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రా, మీరట్‌ల నుంచి అశోకుని స్తంభాలను ఢిల్లీకి తెప్పించాడు. వాటిపై ఉన్న బ్రాహ్మీ అక్షరాలను చదవగలవారు ఆనాడు లభించలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ ముడిని విప్పాడు. సాంచీ స్తూపం వద్ద లభించిన చిన్న చిన్న రాతలలో అనేకం ఒకే అక్షరాల జంటతో ముగియడం ఆయన గమనించాడు. స్తూపానికి కానుకలిచ్చిన వారి పేర్ల చివర ఉండదగిన మాట ‘దానం’ అని ఊహించాడు. ఆ ఊహ ఫలించి ‘ద’, ‘న’ అక్షరాలు దొరికినవి. వాటి సాయంతో తక్కినవి ఒకదాని వెంట ఒకటి తెలిసినవి. ఆ శాసనాల భాష ప్రాకృతం. దానికి దగ్గరి బంధువులైన పాళీ, సంస్కృతాలు చదువులో నిలిచే ఉన్నవి. అందుచేత అక్షరం తెలియగానే అర్థమూ తెలిసినది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద ఉన్న అశోకుని లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. అక్షరాలు తెలిసిన తరువాత ఆ విచిత్రమైన క్రమం కూడా పాఠకులను ఆపలేకపోయినది.

రెండవ దూరం దీనికి సరిగా వ్యతిరేకమైనది. లిపి తెలుసు, భాష తెలియదు. ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ జాతి తమ భాషను గ్రీకు అక్షరమాల నుంచి వచ్చిన లిపిలో వ్రాసుకొన్నది. ఆ రాతలను నేటి పండితులు పైకి చదవగలరు. కాని ఆ భాషకు సన్నిహిత బంధువులు ఏవీ మిగలనందున, పేర్లు, సంఖ్యలు, కొన్ని పూజా పదాలు మినహా చాలా భాగం అర్థం స్పష్టపడలేదు. భిలాయిలో కూడా ఒకప్పుడు ఇటువంటి పరిస్థితి ఉండినదని అనవచ్చు. కర్మాగారపు తొలి రోజులలో రష్యన్ నిపుణులకు, భారతీయ ఇంజనీర్లకు మధ్య దుబాసీలు నిలిచి పని నడిపించారు. బ్రతికి ఉన్న భాషకు దుబాసీ దొరుకుతాడు. ఎట్రుస్కన్‌కు దొరకడు. తేడా అంతా అక్కడనే ఉన్నది.

మూడవది లిపి, భాష రెండూ తెలియని స్థితి. సింధు నాగరికత ముద్రల మీది రాత ఇట్టిదే. సుమారు నాలుగు వందల చిహ్నాలు గుర్తించారు గాని, ఒక్కొక్క రాతలో సగటున అయిదు చిహ్నాలకు మించి ఉండవు. వేరొక తెలిసిన భాషలో అదే విషయాన్ని చెప్పే జంట రాత ఏదీ ఇంతవరకు లభించలేదు. ఈజిప్టు చిత్రలిపికి అటువంటి జంట రాత 1799లో రోసెట్టా శిలపై దొరికినది. అదే విషయం గ్రీకు భాషలో కూడా ఉండుటచేత 1822లో షాంపోలియన్ ఆ లిపి రహస్యాన్ని తెలుసుకొనగలిగాడు.

ఈ మూడింటిలో క్యాంప్ 2 బాలికది మొదటి స్థితి మాత్రమే. అందులోనూ సులభమైనది. తెలుగు లిపి, దేవనాగరి రెండూ బ్రాహ్మీ సంతానమే. అచ్చులు, హల్లులు, క వర్గం, చ వర్గం అనే వరుస రెండింటిలో ఒకటే. ఆమెకు ధ్వనులు తెలుసు, వాటి క్రమం తెలుసు. కొత్తగా నేర్వవలసింది ఆకారాలను మాత్రమే. అది కొద్ది నెలల పని. ఆ పని పూర్తయితే పెట్టెలోని ఉత్తరాలలో మొదటి సగం ఆమెకు స్వాధీనమవుతుంది.

పరిచితమైన పదమే పరాయిదైతే

ఇక రెండవ సగం. ఇక్కడ ఎదురయ్యేది నాలుగవ దూరం. లిపి తెలుసు, భాష తెలుసు. అయినా భావం చిక్కదు. తెలియని పదం కనిపిస్తే చదువరి ఆగి, నిఘంటువు చూస్తాడు. తెలిసినట్లు తోచే పదం ఆగనివ్వక తప్పుదోవ పట్టిస్తుంది. ప్రాచీన గ్రంథ పఠనంలో అసలు ప్రమాదం ఇదే.

హిందీ, తెలుగు పక్కపక్కన వినిపించే భిలాయిలో ఈ విషయం చక్కగా బోధపడుతుంది. హిందీలో ‘శిక్షా’ అనగా విద్య. తెలుగులో శిక్ష అనగా దండన. హిందీ ‘ఉపన్యాస్’ నవల. తెలుగు ఉపన్యాసం సభలో చేసే ప్రసంగం. అక్కడ ‘అవసర్’ అంటే అవకాశం; ఇక్కడ అవసరం అంటే ఆవశ్యకత. ‘అనుమాన్’ అక్కడ అంచనా. అనుమానం ఇక్కడ సందేహం. ‘వ్యవసాయ్’ అక్కడ ఏ వృత్తియైనా, వ్యాపారమైనా కావచ్చు. తెలుగులో వ్యవసాయం సేద్యానికే పరిమితమైనది. ఈ పదాలన్నిటికీ మూలం సంస్కృతమే. ఒకే ఊట నుంచి బయలుదేరి, వేర్వేరు నేలలపై ప్రవహించి, వేర్వేరు రుచులు పొందినవి.

రెండు భాషల మధ్య జరిగినదే ఒకే భాషలో రెండు కాలాల మధ్య కూడా జరుగుతుంది. పాత తెలుగులో ‘కంపు’ అనగా వాసన. అది సువాసన కూడా కావచ్చు. నేడు దుర్వాసనకే మిగిలినది. ‘కోక’ ఒకప్పుడు వస్త్రానికి సామాన్యమైన పేరు. తరువాత చీరకు మాత్రమే నిలిచినది. ‘నూనె’ నువ్వుల నుంచి తీసినది మాత్రమే. ఇప్పుడు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె అనడంలో ఎవరికీ వింత తోచదు. వేదం చదివినవానికి గౌరవ వాచకమైన ‘ఛాందసుడు’ నేడు లోకజ్ఞానం లేనివానికి ఎగతాళి మాట అయినది. ఇటువంటి పదం పద్యంలో తగిలినప్పుడు నేటి అర్థాన్ని అంటగట్టిన విద్యార్థి, కవి చెప్పినదానికి విరుద్ధమైనది గ్రహించి తృప్తి పడే అవకాశం ఉన్నది.

పదంతో పాటు ధ్వని కూడా మారుతుంది. వై.ఎస్.ఆర్. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడైన ఎరికల్ ముతురాజు ధనంజయుని శాసనం లభించినది. క్రీ.శ. 575 ప్రాంతపుదని భావించే ఈ శాసనం, నేటికి దొరికిన పూర్తి తెలుగు శాసనాలలో మొట్టమొదటిదిగా ప్రసిద్ధి. ఆ కాలపు శాసనాలలో నేటి వర్ణమాలలో లేని ‘ఴ’ అనే అక్షరం కనిపిస్తుంది. తమిళంలో ఆ ధ్వని నేటికీ నిలిచి ఉన్నది. తెలుగులో అది చాలా చోట్ల ‘డ’గా మారినది. తమిళుల చోఴులు తెలుగులో చోడులైనదీ, ఏడు, కోడి అనే మాటలకు తమిళంలో ఆ ధ్వనితో కూడిన రూపాలు ఉన్నదీ ఈ కారణం చేతనే. దీనికి తోడు, తాళపత్రాలలో పదానికీ పదానికీ మధ్య ఎడం విడిచే ఆచారం లేదు. ఎక్కడ విరవాలో తెలిసినవానికే వాక్యం కనిపిస్తుంది.

లోకం మారినప్పుడు

కొన్నిసార్లు పదం మారకపోయినా, అది సూచించే లోకం పోతుంది. పుట్టి, తూము, మానిక, సోల అనే కొలతలు శాసనాలలోనే కాదు, తాతల సంభాషణలో కూడా ఉండేవి. 1956లో వచ్చిన తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి దేశమంతటా అడుగుపెట్టినది. కిలో, లీటరు నేర్చిన బాలికకు ‘రెండు తూముల ధాన్యం’ అంటే వాక్యం అర్థమవుతుంది గాని, ధాన్యం ఎంతో తెలియదు.

కాలగణన మరొక చిక్కు. భిలాయి మొదటి ఫర్నేసు ప్రారంభమైన 1959 ఫిబ్రవరి తెలుగు లెక్కలో విళంబి నామ సంవత్సరం. ప్రభవాది సంవత్సరాలు అరవైకి ఒకసారి తిరిగివస్తాయి. విళంబి మరల 2018లో వచ్చినది. ఉత్తరంపై సంవత్సరం పేరు మాత్రమే ఉంటే, అది ఏ విళంబియో లోపలి విషయాన్ని బట్టి నిర్ణయించవలసిందే. దస్తావేజులలో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శాలివాహన శకానికి 78 కలపాలి. విక్రమ సంవత్సరం నుంచి 57 తీసివేయాలి. ఈ చిన్న లెక్కలు తెలియనివానికి పాత పత్రమంతా కాలం లేనిదిగా తోస్తుంది.

ఉత్తరాల మర్యాద కూడా ఇట్టిదే. ‘చి. ల. సౌ.’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనీ, ‘ఉభయకుశలోపరి’ అంటే ఇరువైపుల క్షేమం చెప్పుకొన్న మీదట అనీ తెలియని పిల్లకు, తాతకు వచ్చిన ఉత్తరం మొదటి పంక్తిలోనే తలుపు మూసుకొంటుంది. ఆ ఉత్తరాలలో ఆప్యాయత ఉన్నది. దస్తావేజులోనైతే హద్దులు, వాటాలు, తాకట్టు వివరాలు ఉన్నవి. వాటిని చదువలేని కుటుంబం, తన హక్కు ఏమిటో తెలుసుకొనడానికి కూడా ఇతరుల నోటిపై ఆధారపడవలసి వస్తుంది. పాత రాత అర్థం కాకపోవడం పండితులకు మాత్రమే సంబంధించిన విషయం కాదని దీనివలన స్పష్టమవుతున్నది.

దంతెవాడలోని రెండవ రాయి

ఈ సమస్యను మూడు శతాబ్దాల క్రితమే గుర్తించి, రాతిపైననే పరిష్కారం చూపిన ఉదంతం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్నది. భిలాయికి దక్షిణంగా, బస్తర్ ప్రాంతంలో, శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేశ్వరీ దేవి ఆలయం ఉన్నది. బస్తర్ ప్రాంతానికి తెలుగుతో గల సంబంధం నేటిది కాదు. నాగవంశపు రాజులు పాలించిన పదకొండవ శతాబ్దంలోనే ఇక్కడి బారసూరులో తెలుగు శాసనం వెలసినది. నన్నయ మహాభారత రచన కూడా ఆ శతాబ్దానిదే కావడం గమనార్హం. తరువాత ఓరుగల్లు కాకతీయుల వంశానికి చెందిన అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ పరంపర చెబుతుంది.

ఆ వంశీయుడైన దిక్పాలదేవుడు విక్రమ సంవత్సరం 1760లో, అనగా క్రీ.శ. 1703లో, దంతెవాడ యాత్ర చేసిన సందర్భంలో ఆలయంలో శాసనం వేయించాడు. దానిని రచించినవాడు మైథిల పండితుడైన భగవాన్ మిశ్ర. శాసనం సంస్కృతంలో ఉన్నది. ఆయన అంతటితో ఆగలేదు. అదే విషయాన్ని రెండవ రాతిపై ప్రజల భాషలో వ్రాయించాడు; అలా ఎందుకు చేయవలసి వచ్చిందో కూడా అందులో చెప్పాడు. కలియుగంలో సంస్కృతం చదువగలవారు కొద్దిమందే ఉంటారు గనుక, ఈ రెండవ రాయి భాషలో వ్రాసినదని ఆ మాటల సారాంశం. ఈ జంట శాసనాలను పండితుడు రాయ్ బహదూర్ హీరాలాల్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. ఛత్తీస్‌గఢీ భాషకు లభించిన తొలి లిఖిత నిదర్శనంగా పలువురు ఈ రెండవ రాతిని పేర్కొంటారు.

ఆ పండితుడు సంస్కృతాన్ని తక్కువ చేయలేదు. మొదటి రాయిని తీసివేయలేదు. ప్రజలు చదువలేకపోవడాన్ని వారి దోషంగానూ ఎంచలేదు. దూరం ఉన్నదని ఒప్పుకొని, దాని మీద వంతెన వేశాడు.

ఈ కథకు మరొక మలుపు కూడా ఉన్నది. నేటి హిందీ విద్యార్థికి ఆ రెండవ రాయి సైతం సులభంగా లొంగదు. దానిలోని క్రియారూపాలు, ప్రత్యయాలు నేటి పాఠ్యపుస్తకపు హిందీలో లేవు. సంస్కృతానికి వ్యాకరణం, నిఘంటువు, గురుశిష్య పరంపర అండగా నిలిచినందున మొదటి రాతిని చదివేవారు ఎప్పుడూ కొందరు ఉంటారు. ప్రజల భాషకు ఆ అండ తక్కువ. అది జనంతో పాటు నడిచి ముందుకు పోయినది. రాయి ఉన్నచోటనే ఉండిపోయినది. కనుక రెండవ రాయి ఒకసారి వేస్తే సరిపోదు. ప్రతి తరమూ తన రాయిని తాను వేసుకొనవలసిందే.

గిడుగు వారి బాట

క్యాంప్ 2లోని అనేక కుటుంబాల పూర్వులు వచ్చిన సీమలోనే ఈ పనిని జీవితకాలమంతా చేసిన మహనీయుడు జన్మించాడు. శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులు ముఖలింగ క్షేత్రంలోని పాత శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చాడు. కొండలలో నివసించే సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చాడు. పాఠ్యగ్రంథాల తెలుగు ప్రజల వాడుకకు దూరమై విద్యార్థులను బాధిస్తున్నదని వాదించి, వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపాడు. అందరికంటె పాత అక్షరాలను చదివినవాడే అందరికంటె గట్టిగా వాడుక భాషను సమర్థించాడు. ఇందులో వైరుధ్యం లేదు. భాష ఎంతగా మారుతుందో శాసనాలలో కన్నులారా చూసినవాడు గనుకనే, మారిన భాషకు బడిలో చోటు ఉండాలని ఆయన కోరాడు.

వంతెన వేయడంలో ఆలస్యమైతే ఏమవుతుందో, సమయానికి వేస్తే ఏమవుతుందో గుంజాల ఉదంతం తెలుపుతుంది. తెలుగుకు సోదర భాషయైన గోండి ఛత్తీస్‌గఢ్, తెలంగాణ మొదలైన రాష్ట్రాలలో నేటికీ వినిపిస్తుంది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండిని ప్రత్యేక లిపిలో వ్రాసిన ప్రతులు 2006లో విద్వాంసుల దృష్టికి వచ్చినవి. అప్పటికి ఆ లిపి చదువగలవారు కొద్దిమంది వృద్ధులు మాత్రమే. ఆచార్య జయధీర్ తిరుమలరావు మున్నగువారి కృషితో ఆ వృద్ధుల వద్ద అక్షరాలు నేర్చుకొని, వాచకాలు తయారు చేశారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానం లభించినది. ఆ వృద్ధులు గతించిన తరువాత ప్రతులు దొరికి ఉంటే, భాష బ్రతికి ఉన్నప్పటికీ ఒక్కొక్క అక్షరానికీ ప్రిన్సెప్ వలె ఊహతో శ్రమించవలసి వచ్చేది.

గ్రంథాలయాలు చేయదగినది

క్యాంప్ 2 పేటలోని పెట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఉత్తరాన్ని వ్రాసినవారిని, అందుకొన్నవారిని ఎరిగిన పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. వారు ఉన్నంతవరకు ‘బుగత’ అంటే భూస్వామి అనీ, ‘బేగి’ అంటే త్వరగా అనీ, ‘గుంటడు’ అంటే పిల్లవాడనీ ఎవరినైనా అడిగి తెలుసుకొనవచ్చు. ఆ తరువాత అవే మాటలకు పరిశోధన అవసరమవుతుంది.

పాఠశాల, కళాశాల గ్రంథాలయాలు ఈ విషయంలో పెద్ద ఖర్చు లేకుండా తోడ్పడగలవు. విద్యార్థి తన ఇంటిలోని ఒక పాత కాగితాన్ని ఎంచుకొని, ఇంటి పెద్ద చేత చదివించి వినాలి. విన్నదానిని ముందుగా తనకు వచ్చిన లిపిలోనే, అది దేవనాగరి అయినా సరే, ఉన్నదున్నట్లు వ్రాసుకొనాలి. అర్థం కాని పదాల క్రింద గీత గీసి, పెద్దలు చెప్పిన అర్థం ప్రక్కన చేర్చాలి. తేదీని క్రీస్తు శకంలోకి, కొలతలను కిలోలలోకి మార్చి చూపాలి. చివరగా నేటి హిందీలోనో, నేటి తెలుగులోనో సారాంశం వ్రాయాలి. అసలు కాగితాన్ని మాత్రం ముట్టక భద్రపరచాలి. తెలుగు అక్షరాలు నేర్చిన తరువాత తన ప్రతిని అసలుతో సరిచూసుకొంటే, ఎక్కడ తప్పు విన్నదీ తనకే తెలుస్తుంది.

ఈ పనిలో ప్రిన్సెప్ పద్ధతి, భగవాన్ మిశ్ర ఔదార్యం, గిడుగు వారి దీక్ష మూడూ చిన్న పరిమాణంలో ఉన్నవి. ముఖ్యంగా పాత రాతను చూసి బెదరనక్కరలేదని విద్యార్థి తెలుసుకొంటాడు. అర్థం కానప్పుడు ‘ఇది కఠినం’ అని పుస్తకం మూసివేయడానికి బదులు, అడ్డు లిపిదా, భాషదా, మారిన అర్థానిదా, గతించిన ఆచారానిదా అని విచారించడం అతనికి అలవడుతుంది. అడ్డు ఏదో తెలిసినప్పుడు దానిని తొలగించడానికి ఎవరిని అడగాలో, ఏ పుస్తకం చూడాలో కూడా తెలుస్తుంది.